సీసా మీద చీకటికొండ

అమెరికాలో, షాంటిలీలో ఉండే నా స్నేహితుడు రమేష్ ఇంట్లో భోజనాల బల్ల మీద ఆ సీసా చూడకపోతే నేను ఈ ప్రయాణం పెట్టుకునేవాణ్ణి కాదు. ముదురు ఎరుపు వైను. లేబుల్ మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘చీకటికొండ ఎస్టేట్’ అని ఉంది. చీకటికొండ మా జమీందారీ. ఎస్టేట్ అన్న మాట మా తాతగారి ఉత్తరాల మీద అచ్చయి ఉండేది. కోట పోయింది, భూములు పోయాయి. మాకు మిగిలింది ఆ పేరొక్కటే.

“ఓనర్ శ్రీధర్ మనవాడే. జాబ్ మానేసి బ్లూరిడ్జ్ కొండల్లో తోట కొన్నాడు. వాళ్ల తాత మీ దివాణంలో గుమాస్తా అట. వెళ్లి నాలుగు పెట్టెల సీసాలు ఫ్రీగా అడుగు, రాజావారూ!” అన్నాడు రమేష్.

నేను నవ్వలేదు. ఆ పేరు తీయించాలని అక్కడే నిశ్చయించుకున్నాను.

అక్టోబరులో ఒక ఆదివారం రమేష్ నన్ను హెర్న్‌డన్‌లో మా ఇంటి నుంచి తీసుకెళ్లి మనాసస్ స్టేషన్‌లో దింపాడు. మధ్యాహ్నం షార్లట్స్‌విల్ వైపు వెళ్లే రైలు కొంచెం ఆలస్యంగా వచ్చింది. రైల్లో అమ్మే శాండ్‌విచ్ రబ్బరులా ఉంది. తినడానికి ఏదైనా ఇంటి నుంచి తెచ్చుకోవడం మంచిది. నా కోటూ టై చూసి పక్క సీటు ముసలావిడ “పెళ్లికా?” అని అడిగింది. “కాదు, ఒక మాట చెప్పడానికి” అన్నాను.

రెండు గంటలు దాటాక షార్లట్స్‌విల్‌లో దిగాను. కొండ మీదికి బస్సు లేదు. టాక్సీ మాట్లాడుకునేటప్పుడే తిరుగు ప్రయాణానికి కూడా ఖాయం చేసుకోవాలి. చివర కొంత దూరం కంకర దారి. స్తంభాల భవంతి ఉంటుందనుకున్నాను. కనబడింది ఒక రేకుల షెడ్డు, వెనక ఆకులు పండిన ద్రాక్ష వరుసలు. కౌంటర్ వెనక శ్రీధర్ గ్లాసులు కడుగుతున్నాడు.

“రండి సార్, టేస్టింగేనా? మీది ఏ ఊరండి?”

“హెర్న్‌డన్.”

“అది కాదు సార్, ఇండియాలో.”

“విశాఖపట్నం వైపు.”

ఇంకా అడగకుండా గ్లాసులో రెండు గుక్కలు పోశాడు. “ఏడాదికి కొద్ది పీపాలే చేస్తాం సార్. నచ్చకపోతే ఆ బకెట్లో ఉమ్మేయండి.”

“ఉమ్మే అలవాటు మా ఇంట లేదు.”

నేరేడు పండు వగరు, చివర్లో మిరియపు ఘాటు. బాగుంది. బాగుండటమే నాకు ఒళ్లు మండించింది. ఇక చెప్పేద్దామని గ్లాసు కింద పెట్టాను. అంతలో పక్కనున్న అమెరికన్ ఖాళీ గ్లాసు ముందుకు తోసి, “ఆ చికెన్ టిక్కా ఇంకోటి పోయండి” అన్నాడు.

“విన్నారా సార్?” శ్రీధర్ తెలుగులో గొంతు తగ్గించాడు. “రోజూ ఇదే గోల. అందుకే వచ్చే బాట్లింగ్ నుంచి పేరు మార్చేస్తున్నాం. బ్లాక్ బేర్ ఎస్టేట్. లేబుల్ మీద ఎలుగుబంటి బొమ్మ.”

“ఎస్టేట్ మాత్రం ఉంచుతారా?”

“ఉంచాలి కదండీ. పండ్లన్నీ సొంత తోటలో పండించి, ఇక్కడే వైను చేస్తేనే ఆ మాట వేసుకోనిస్తారు.”

మా వాళ్లు సొంతంగా ఒక్క మొక్క పండించిన పాపాన పోలేదు. శిస్తు వసూలు చేశారు, అంతే. ఆ లెక్కన తాతగారి ఉత్తరాల మీద ఆ మాటే ఉండకూడదు.

“చీకటికొండ వాళ్లు ఇప్పుడెవరైనా ఉన్నారా?” అని అడిగాను.

“ఎవరూ మిగల్లేదనుకుంటా సార్. ఉంటే ఈపాటికి వచ్చి తిట్టిపోసేవారు కదా, మా పేరెందుకు పెట్టావని. మా తాత కోసం పెట్టానండీ. నిజం చెప్పాలంటే, ఆ తిట్టేవాళ్ల కోసం చాలా రోజులు చూశాను.”

పేరు తీసేయమని చెప్పడానికి వచ్చినవాణ్ణి. ఇప్పుడు ఉంచమని అడగాలి, అదీ మా గుమాస్తా మనవణ్ణి. నా నడుము అందుకు వంగలేదు. ఒక సీసా కొన్నాను.

“పేరు చెప్తే మెయిలింగ్ లిస్ట్‌లో వేస్తాను సార్.”

“అక్కర్లేదు.”

ఆ రాత్రి స్టేషన్ దగ్గర మోటెల్‌లో ఉన్నాను. గది శుభ్రంగానే ఉంది. పొద్దున్నే రైలెక్కి సీసా ఒళ్లో పెట్టుకున్నాను.

కొండ అందంగా ఉంటుంది, వైనుకు వంక పెట్టలేం. వెళ్లదలచినవారు తొందరగా వెళ్లండి, పాత లేబుల్ సీసాలు ఇంకా కొన్ని ఉన్నాయి. కౌంటర్ దగ్గర అడిగేటప్పుడు మాత్రం ఆ పేరు పూర్తిగా, నిదానంగా పలకండి. చీకటికొండ.