ఆటగాళ్లకు రొట్టె, మాకు ఉపవాసం

మా వాడలో హాకీ జట్టు కట్టారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా మామ, అమ్మ తమ్ముడు. అప్పుడు మేము పూనాలో బిల్డింగు పనికాడ రేకుల గుడిసెలో ఉండేవాళ్లం. ఏ ఊళ్లోనూ కుదురుగా ఉండకపోవడంతో నాకు బడి లేదు. అమ్మే బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పింది. మా ఊరు ఆత్మకూరు నుంచి వచ్చిన మామ సంచి దించకముందే చెప్పాడు.

"అక్కా, మనోళ్లం హాకీ ఆడుతున్నం."

"కట్టెలతోనా? కొట్టుకుంటరేందిరా?"

"మనుషుల్ని కాదే, బంతిని కొడతం."

"అదేం పాపం చేసింది?" అంది అమ్మ.

నేను పడిపడి నవ్వాను. కానీ ఆ రోజు నుంచి ఆ జట్టు నాదే అయిపోయింది. ఎక్కడ పనికి పోయినా, మామ ఫోనులో దొరికితే ముందు అడిగేది ఆట సంగతే. ఊరికి తిరిగి వచ్చి, పెళ్లయి, ఇద్దరు బిడ్డల తల్లినయ్యాక కూడా గ్రౌండు అంచున నా అరుపు ఆగలేదు. దేవుడు నాకిచ్చిన సంతోషాల్లో ఇదొకటి.

మా కష్టమల్లా ఫైనలే. వనపర్తిలో ఎండాకాలం జరిగే పోటీల్లో ఫైనలు ఎప్పుడూ శుక్రవారమే. మా చర్చి సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన. దేవుని సాయం కావాలని మా ఆటగాళ్లు ఆ రోజు మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. మొదటి సగంలో గోలు కొట్టేవాళ్లు, రెండో సగంలో కట్టెల మీద ఆనుకొని నిలబడేవాళ్లు. ఓడి వచ్చాక, మన ప్రార్థన చాలలేదనుకొని మరుసటి ఏడు గురువారం నుంచే పస్తుండేవాళ్లు.

పోయిన ఎండాకాలం మళ్లీ ఫైనలుకు చేరాం. ఇప్పుడు జట్టుకు ఆట నేర్పే మామ ఆ గురువారం మాతో అన్నాడు, "ఈసారి ఓడితే జట్టు బంద్. అందరు పనులకు పోతరు, మళ్ల కూడరు."

సాయంత్రం స్త్రీల కూడికలో జట్టు కోసం ప్రార్థించమని అడిగాను. కూడికను నడిపేది మా పెద్దమ్మ, అమ్మకు అక్క. ఆటకు ప్రార్థనేందని ఎప్పుడూ గొణిగే మనిషి, ఆ రోజు వేరే మాట అడిగింది.

"రేపు పిల్లగాండ్లు ఏం తిని పోతరే?"

"ఏం తినరు పెద్దమ్మా. ఉపవాసం గద."

"ఎండల ఉరికెటోళ్లకు ఉపవాసమేంది? ఎవరు చెప్పిన్రు?"

ఎవరు చెప్పారో మాలో ఎవరికీ తెలియదు.

తెల్లారి జట్టంతా పెద్దమ్మ ఇంట్లో తినడానికి వరసగా కూర్చుంది. జొన్నరొట్టెలు, పప్పు. "తినుండ్రి. మీ వంతు ఉపవాసం మేముంటం," అంది పెద్దమ్మ.

మామ రొట్టె విరవలేదు. "తప్పు కాదా అక్కా?"

"దేవునితోని నేను మాట్లాడుకుంట. నువ్వు పప్పు ఏస్కో."

ఆడవాళ్లం ఖాళీ కడుపులతో వనపర్తి బస్సెక్కాం. గ్రౌండు పక్కన పెద్దమ్మ కొంగు తల మీద కప్పుకొని కళ్లు మూసుకుంది. రెండో సగంలో మావాళ్లు ఉరుకుతూనే ఉన్నారు. చెరొక గోలు మీద ఉండగా, ఇక అయిపోవస్తుందనగా, మా కెప్టెన్ బంతిని గోలులోకి కొట్టాడు. విజిల్ పడింది. నా గొంతు అప్పటికే పోయింది.

"పెద్దమ్మా, గెలిచినం," అని ఆమె భుజం పట్టి ఊపాను.

"జర ఆగు," అంది కళ్లు తెరవకుండానే. "ఇంకా ఆమెన్ చెప్పలే."

ఆదివారం ఆరాధనలో నేను నిలబడి సాక్ష్యం చెప్పాను. జట్టు నిలిచింది, కొత్తవాళ్లు కూడా చేరారు. దేవునికి స్తోత్రం.

పెద్దమ్మకు షుగరు. ఆ రోజు తిరుగు బస్సులో కళ్లు తిరిగి నా ఒళ్లో ఒరిగిపోయింది. ఉపవాసాలు వద్దని దవాఖానాలో గట్టిగా చెప్పారు. ఈ ఏడు కూడా ఫైనలుకు వచ్చాం. ఆమె అప్పుడే జొన్నలు పట్టించింది, తాను మాత్రం తిననంటోంది. మా మాట వినదు. మీరు మీ దేవుణ్ణి ఏ పేరుతో పిలిచినా సరే, ఫైనలాడే శుక్రవారం మా పెద్దమ్మను ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి.