ఎడమ కాలు విరిగిన విమానం

ఆగస్టులో డ్యూటీలో చేరాను. ఫీనిక్స్‌కు పడమరన ఎడారిలో ఎయిర్‌బేస్. అక్కడ ఎండ పైనుంచే కాదు, కాంక్రీటు నుంచీ కొడుతుంది. నేల మీద పెట్టిన పానా గ్లవ్స్ లేకుండా మళ్లీ తీయలేం.

నా ఉద్యోగం క్రూ చీఫ్. ఒక యుద్ధవిమానం బాగోగులన్నీ నావే. పైలట్లు మారుతుంటారు, విమానం మాత్రం క్రూ చీఫ్‌ది. అందుకే కాక్‌పిట్ అద్దం కింద నా పేరు పెయింట్ చేశారు. ఆ విమానం వయసులో నాకంటే పెద్దది. రెండు యుద్ధాలు చూసి వచ్చి, ఇక్కడ కొత్త పైలట్లకు పాఠాలు చెబుతోంది.

ప్రతిసారీ ఎగిరే ముందు దాని ముక్కు మీద చెయ్యి వేసి ప్రార్థించేవాణ్ని. ఫ్రిస్కోలో పెరిగిన హైడ్రాలిక్స్ మెకానిక్, మన తెలుగువాడే, నవ్వేవాడు.

"పాస్టర్ గారూ, ఆయిల్ చెక్ చేసిన్రా, ప్రభువే చూసుకుంటడా?"

"చేశానురా. పోసింది నువ్వు కదా, అందుకే ప్రార్థన."

అక్టోబరులో ఒక ఉదయం అది దిగుతోంది. నడిపేది శిక్షణ ఇచ్చే కెప్టెన్, ఇద్దరు పిల్లల తల్లి. చక్రాలు నేలను తాకాయి. ఎడమ చక్రాన్ని మోసే కాలు మడత పడింది. రెక్క రన్‌వే మీద ఒరుసుకుంటూ, నిప్పులు చిమ్ముతూ, కంకరలోకి వెళ్లి ఆగింది. రేడియోలో ఏమీ లేదు. నా నోట ప్రభువు పేరు తప్ప ఇంకేమీ రాలేదు.

తర్వాత ఆమె గొంతు వినిపించింది: "ఇంజన్ ఆపాను. బాగానే ఉన్నాను. సారీ చీఫ్, నీ విమానం గీకేశాను."

"ముందు దిగండి మేడమ్. తిట్టేది తర్వాత."

తనిఖీ బృందం కారణం తేల్చింది. ఎప్పుడో యుద్ధంలో, జారవిడవలేకపోయిన బాంబులతోనే అది బరువుగా దిగిందట. అప్పుడు పడిన పగులు లోలోపల పెరిగింది. తప్పు ఎవరిదీ కాదు. అయినా మా సర్జంట్ ఒక గీకుడు బ్లేడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. విమానాన్ని విడిభాగాల కోసం విప్పేసే ముందు క్రూ చీఫ్ తన పేరు తానే చెరిపేయాలి. అక్కడి పద్ధతి అది.

"గీకెయ్. దీని పని అయిపోయింది."

"శుక్రవారం కమాండర్ చూస్తారు కదా, సర్జంట్. ఆయన చెప్పేదాకా గీకను. అప్పటికి దీన్ని కాళ్ల మీద నిలబెడతాం."

"ప్రార్థనతో ఇనుము అతుకుతుందా?"

"ప్రార్థన నేను చేస్తాను. ఇనుము మేమిద్దరం చూసుకుంటాం."

పక్కనున్న మెకానిక్ ఉలిక్కిపడ్డాడు. "నన్నెప్పుడు కలిపినవ్‌రా ఇండ్ల?"

"ఇప్పుడే."

రెక్క కింద గాలి సంచులు నింపి ఎత్తాం. జాక్‌ల మీద నిలిపాం. విరిగిన కాలు, దాన్ని పట్టుకునే దిమ్మ తీసేశాం. కొత్తవి బిగించాం. ఆ వారం నేను ఉపవాసమున్నాను. బుధవారం ఫీనిక్స్‌కు అవతల చాండ్లర్‌లో మన తెలుగు క్రైస్తవ సంఘ ప్రార్థనకు వెళితే ఒక ఆంటీ అడిగింది: "అది మనుషుల్ని చంపే మిషను కదా బాబూ. దానికోసం ఉపవాసమేంటి?"

"దాంట్లో కూర్చునేది మనిషే కదా ఆంటీ. ఆమె ఇంటికి రావాలని."

ఆమెకు ఆ జవాబు నచ్చలేదు. ఇప్పటికీ ఇదే అడిగేవాళ్లున్నారు. నా జవాబూ మారలేదు. బైబిల్లో మందిర ద్వారం దగ్గర కుంటివాడిని ప్రభువు శిష్యుడు చెయ్యి పట్టి లేపినప్పుడు అతని గతం ఎవరూ అడగలేదు.

శుక్రవారం జాక్‌లు దించాం. విమానం మూడు చక్రాల మీద నిలబడింది. కమాండర్ చుట్టూ తిరిగి చూసి, "రిపేర్‌కు పంపండి" అన్నాడు. బ్లేడు సర్జంట్‌కు తిరిగి ఇచ్చేశాను.

వేసవికి రెక్క మార్చుకుని వచ్చింది. పరీక్షగా ఎగరేయడానికి వేరే పైలట్‌ను పెడతామన్నారు. కెప్టెన్ ఒప్పుకోలేదు. "నేనే పడేశాను, నేనే దింపుతాను" అంది.

ఆ ఏడాది చివర డ్యూటీ ముగించుకుని చాండ్లర్ వచ్చేశాను. ఇప్పుడు ఆదివారాలు సంఘంలో కుర్చీలు వేస్తాను, పాటల్లో గొంతు కలుపుతాను. కళ్లు మూసుకుంటే మాత్రం ఆ పరీక్ష రోజు ఆమె దిగిన తీరే కనిపిస్తుంది. పక్కగాలి లేదు. వెనక రెండు చక్రాలూ ఒకేసారి ఆనించవచ్చు. ఆమె కావాలనే విమానాన్ని కాస్త వంచింది. ఎడమ చక్రం ఒక్కటే నేలను తాకింది, ఒక చిన్న పొగ లేచింది. కుడి చక్రాన్ని ఇంకా గాలిలోనే ఉంచి, మొత్తం బరువు మేం బిగించిన ఆ కాలి మీదే మోపి, మా ముందు నుంచి దూసుకుపోయింది.