గీత ముట్టిన చెయ్యి

మా బావమరిది అప్పలరాజు జీతానికి రగ్బీ ఆడటం మొదలై ఏడాది. రెండో ఏడాదికి వాణ్ణి ఉంచుకునేదీ లేనిదీ గాజువాకలో జరిగే మ్యాచ్ చూసి చెబుతామంది జట్టు. వద్దంటే మళ్లీ ఆనందపురం పూలమార్కెట్లో బస్తాలు మోయడమే. వాడికి ధైర్యంగా ఉంటుందని ఆ ఆదివారం నేనూ బయల్దేరాను. నాకే ధైర్యం లేదు, అది వేరే సంగతి.

పొద్దున్న ఏడింటికి ఆనందపురం జంక్షన్లో బస్సెక్కాం. గాజువాక వెళ్లేవాళ్లు నేరుగా వెళ్లే బస్సు కోసం కాచుక్కూర్చోకండి, ద్వారకా నగర్ బస్ కాంప్లెక్సులో మారడమే మేలు. మేమూ అక్కడే దిగి టిఫిన్ చేశాం. వాయి మొత్తం మింగే మనిషి, అప్పలరాజు ఒక్క ఇడ్లీ తిని చెయ్యి కడిగేసుకున్నాడు.

రెండో బస్సులో పక్కసీటు పెద్దాయన వాడి భుజాలు చూసి, "ఏటి బాబూ, కబడ్డీయా?" అన్నాడు.

"ఒకప్పుడు కబడ్డీయే తాతా. ఇప్పుడు రగ్బీ, అందులో లీగు రకం. నాను ముందు వరసోణ్ణి. బంతి సంకలో ఎట్టుకుని అవతలోళ్లని గుద్దుకుంటా ఎల్లి, ఆళ్ల గీత మీద ఎట్టాల."

"మరి పట్టేత్తే?"

"బంతున్న సెయ్యి నేలకి తగిల్తే ఇంక సాగకూడదు. తప్పు."

"అదేటాట! కూత ఉన్నంతసేపూ గీతకి సాగాల కదేటి!"

పెద్దాయన నవ్వాడు. అప్పలరాజు నవ్వలేదు. చిన్నప్పట్నుంచీ కబడ్డీ ఆడిన ఒళ్లు వాడిది. పట్టుబడితే చాలు, చెయ్యి దానంతటదే గీతకేసి సాగుతుంది. ఏడాదంతా కోచ్ చేత తిట్లు తిన్నది అందుకే.

పదింటికి ఆట మొదలైంది. మావాడు ముగ్గురు పట్టుకున్నా ఈడ్చుకుంటూ పోయాడు. నాకు ఆశ పుట్టింది, అదే నా ఖర్మ. చివర్లో, ఒక్కసారి బంతి గీత మీద పెడితే గెలుస్తామనగా, గీతకి మూరెడు దూరంలో వాణ్ణి పడేశారు. బంతున్న చెయ్యి నేలకు తగిలింది. ఆ ఆట పద్ధతి ప్రకారం లేచి కాలితో బంతి వెనక్కి దొర్లిస్తే పక్కవాడు పెట్టేసేవాడు.

"ఆగరా!" అని అరిచాను.

చెయ్యి సాగింది. బంతి గీత మీద పడింది. ఈల మోగింది. బంతి అవతలివాళ్లకిచ్చారు. ఓడిపోయాం.

కోచ్ తిట్టలేదు. భుజం తట్టి, వచ్చే ఏడాదికి వేరేవాణ్ణి చూసుకుంటామన్నాడు. తిట్టినా బాగుండేది.

తిరుగు బస్సులో సీట్లు లేవు. మోచెయ్యి దోక్కుపోయిన చేత్తోనే పైకడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కాంప్లెక్సులో భోజనం వద్దన్నాడు. మద్దిలపాలెం దాటాక అడిగాడు.

"బావా, గీత ముట్టాను కదా?"

"ముట్టావురా."

"మనూళ్లో అయితే?"

"మనూళ్లో అయితే భుజాలకెత్తుకుందుం."

వాడు కిటికీ వైపు తిరిగిపోయాడు. గాజువాకకి దారి ఎవరడిగినా చెబుతాను. ఒంట్లో ఇంకిపోయిన ఆటను వదిలించుకునే దారి మాత్రం నాకు తెలీదు. నాకు ఏడుపొచ్చింది.

ఆనందపురంలో దిగేసరికి పూలమార్కెట్ ముందు లారీ ఆగి ఉంది. బస్తాలు మోయించే మేస్త్రీ వాణ్ణి చూసి సంబరంగా కేకేశాడు.

"ఏటి రాజూ, మనోళ్లు సాల్లేదు. రేపొత్తావేటి?"

ఏం చెప్పమంటావన్నట్టు వాడు నా మొహంలోకి చూశాడు. నేను తల దించుకున్నాను.

"వత్తాను," అన్నాడు.