చింతపండుతో తోమిన రొట్టె బిళ్ళ

ఐర్లండ్‌లోని ఈ బాలింకాలిగ్‌లో మా దేవమణి ఆంటీకి తెలియని విషయం ఉండదు. ఉందని ఆవిడ ముందు అనే ధైర్యం మాకెవరికీ లేదు. వృద్ధాశ్రమంలో కేరర్‌గా చేస్తూ, ఆ లాక్‌డౌన్ వేసవిలో పెరడంతా తవ్వి గోంగూర వేసింది. ఆ సందట్లో పెళ్ళి ఉంగరం పోయింది. పక్కింటి నోరీన్ గోడ మీదుగా తన తమ్ముడి మెటల్ డిటెక్టర్ అందించింది.

ఉంగరం బదులు రూపాయంత ఇత్తడి బిళ్ళ బయటపడింది. మట్టి కిందనుంచి ‘ఒక రొట్టె’ అన్న ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తున్నాయి. చూడగానే నోరీన్ మొహం మారిపోయింది. ఒకప్పుడు ఈ స్థలంలోనే వాళ్ళ నాన్న రొట్టెల కొట్టు ఉండేదట. డబ్బు ముందే కట్టినవాళ్ళకు బిళ్ళలిచ్చేవాడు, బిళ్ళ తెస్తే రొట్టె. కొట్టు తగలబడినప్పుడు ఆయన ఫొటో కూడా మిగల్లేదు. ఎనభై దాటిన నోరీన్ మార్చి నుంచి ఒంటరిగా ఇంట్లోనే ఉంటోంది.

“ఇది నాన్నదేనా? అది తెలిస్తే చాలు నాకు,” అంది.

“నేను కనుక్కుంటాగా!” అని ఆంటీ మాటిచ్చేసింది.

ఇంట్లోకి తెచ్చి ఏం చేసింది? ఇత్తడి కనబడితే మనవాళ్ళు చేసే పనే. ప్రెస్‌లోంచి, అదే ఇక్కడివాళ్ళ మాటలో అలమారాలోంచి, చింతపండు డబ్బా తీసింది. ఉంగరం దాని అడుగునే ఉంది! ఆ హుషారులో చింతపండూ ఉప్పూ వేసి, స్టీలు పీచుతో బిళ్ళ తళతళలాడేదాకా తోమింది. అంచున గంట్లుంటే పార దెబ్బలని తేల్చేసింది.

కూతురు అబిగేయిల్ ఫొటో తీసి, పాత బిళ్ళలు సేకరించేవాళ్ళ గ్రూపులో పెట్టింది. రొట్టె బిళ్ళే, కానీ ఏ కొట్టుదో చెప్పలేమన్నారు. పేరుండాల్సిన చోట ఏమీ లేదు, అసలు ఇలాంటివి తోమకూడదు అన్నారు.

“మమ్మీ, యూ స్క్రబ్డ్ ద నేమ్ ఆఫ్!”

“ఇత్తడి తోమకుండా చిలుం పట్టనిస్తారటే? భలే చెప్పొచ్చారు!” అని దబాయించింది గానీ, ఆంటీకి గుండెల్లో రాయి పడింది. ఆ పెద్దావిడ తండ్రి పేరు నా చేత్తోనే చెరిపేశానే అని అన్నం ముందు కూచుని ఏడ్చింది.

అయినా మొహం చాటేసే రకం కాదు. మర్నాడు బిళ్ళను గోడ మీద పెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగి, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

నోరీన్ కళ్ళజోడైనా పెట్టుకోలేదు. అంచు చుట్టూ బొటనవేలు తిప్పుతూ గంట్ల దగ్గర ఆగింది.

“మూడున్నాయి. వేరేవాళ్ళ బిళ్ళలు కలిసిపోకుండా నాన్న ఆకురాయితో కోసేవాడు. పక్కమీద పడుకుని ఆ చప్పుడు వింటూ నిద్రపోయేదాన్ని.”

“మరి పేరు?”

“మా బిళ్ళల మీద పేరెప్పుడుంది?”

ఆంటీకి ప్రాణం లేచొచ్చింది. కోవిడ్ రోజులు కాబట్టి ఆగింది గానీ, లేకపోతే గోడ దూకి వాటేసుకునేది. బిళ్ళ నోరీన్‌నే ఉంచుకోమంది.

తెల్లారి చూస్తే గోడ మీద గుడ్డలో చుట్టిన సోడా బ్రెడ్, ఇక్కడివాళ్ళు ఇంట్లో చేసుకునే రొట్టె, ఇంకా వేడిగా ఉంది. అవతల నోరీన్ నిలబడి ఉంది.

“ఇదెందుకండీ?” అంది ఆంటీ.

“నిన్న బిళ్ళ ఇచ్చావుగా,” అంది నోరీన్. “నాన్న ఉంటే రొట్టె ఇవ్వకుండా పంపేవాడు కాదు.”