చల్లటి సీసా

1991 వానాకాలం. ఖరగ్‌పూర్‌లో రైల్వేవాళ్ల డిస్పెన్సరీ ఒకదానిలో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. చిన్న గది, ఒక మైక్రోస్కోపు, ఒక స్పిరిట్ దీపం, నేను. డాక్టర్లకి పేరొస్తుంది, నర్సులకి దండాలొస్తాయి, మాకు సీసాలొస్తాయి అని నవ్వుకునేదాన్ని.

అప్పలస్వామి అన్నయ్య గూడ్స్ డ్రైవరు. తాల్‌బగీచా పేటలో మా వెనక వీధే. అంతకు ముందు ఏడాది రెండు ఊపిరితిత్తులకీ న్యుమోనియా పట్టి, కలకత్తాలో మూడు వారాలు వెంటిలేటర్ మీద, అంటే ఊపిరి మిషను మీద, ఉన్నాడు. ఆ గండంలోనే కిడ్నీలు ఆగిపోతే డయాలిసిస్ చేసి, మిషనుతో రక్తం శుభ్రం చేశారు. మనిషి బతికొచ్చాడు. చర్చిలో మేమూ, గుడిలో వాళ్లూ మొక్కులు తీర్చుకున్నాం. ఊపిరి బాగుందని ఫిట్ సర్టిఫికెట్ ఇస్తే మళ్లీ ఇంజిను ఎక్కాడు.

డిశ్చార్జి కాగితం అడుగున ఒక్క వాక్యం ఉంది: మూడు నెలలకోసారి కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడాలి. మా దగ్గర మూత్ర పరీక్షే ఉండేది. అందులో తేడా వస్తేనే క్రియాటినిన్‌కి, అంటే కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే రక్త పరీక్షకి, పెద్దాసుపత్రికి పంపేవారు.

మొదటిసారి అతని మూత్రం ట్యూబులో పోసి స్పిరిట్ దీపం మీద పెడితే, ఉడికిన తెల్లసొనలా గడ్డకట్టింది. ఆల్బుమిన్. ఒంట్లో ఉండాల్సిన ప్రోటీను కిడ్నీలోంచి కారిపోతోందన్నమాట.

"ఏటి సెల్లీ అది?"

"కిడ్నీ ఇంకా బాగవనేదన్నయ్యా. ప్రోటీను పోతందని ప్లస్ రాయాల."

"రాసినావంటే ఇంజిను దించేస్తారు. స్టోర్సులో కూకోబెట్టి మేకులు లెక్కెట్టిస్తారు. పోయిన ఊపిరే తిరిగొచ్చినాది, దీనికేటమ్మా? వారం టైమియ్యి, మళ్లీ తెస్తాను."

ఇంజిను దిగిన డ్రైవరు మా వీధిలో తలెత్తుకు తిరగలేడు. నాకు జాలేసింది. వారం తర్వాత ఇంటినుంచే ఒక పాత దగ్గుమందు సీసా నింపి తెచ్చాడు. చేతిలోకి తీసుకుంటే చల్లగా ఉంది. అప్పుడే పట్టిన మూత్రం వెచ్చగా ఉంటుంది, ఆ సంగతి ఈ పనిలో మొదటిరోజే తెలుస్తుంది. వేడి చేస్తే తేటగానే ఉండిపోయింది. అది అతనిది కాదని తెలిసీ, అతని మొహం చూడకుండా 'నిల్', అంటే ప్రోటీను లేదు, అని రాశాను.

అలా నాలుగేళ్లు. ప్రతిసారీ చల్లటి సీసా, ప్రతిసారీ నిల్. అన్నయ్యకి మేలు చేస్తున్నానని లోలోపల మురిసిపోయాను కూడా. ఇంతకంటే బుద్ధితక్కువ పని నా జన్మలో చేయలేదు. ఆ నాలుగేళ్లూ అన్నయ్య నడుం నొప్పికని కిడ్నీలకి పడని మాత్రలు మింగుతుంటే ఎవరూ వద్దనలేదు. నా రాత అంతా బాగుందంటుంటే ఎవరు మాత్రం వద్దంటారు?

1995లో కాళ్లు వాచి, అన్నం చూస్తేనే వాంతి వచ్చే స్థితిలో వచ్చాడు. ఆరోజు సీసా వెచ్చగా ఉంది. ట్యూబు అడుగుదాకా గడ్డకట్టింది. కలకత్తా డాక్టర్లు, ముందే చూసుంటే ఇంకా చాలాకాలం నిలబెట్టేవాళ్లం అన్నారట.

చూడటానికి వెళ్తే నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వేటి సేసినావమ్మా, నేనే కదా అడిగినాను" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఏడాది తిరక్కుండానే పోయాడు.

గండం గడిచినంత మాత్రాన కాపలా అయిపోదని, ట్యూబు చెప్పింది చెప్పినట్టు రాయడమే నేను చూపగల దయ అని, ఒక మనిషిని పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఆ తర్వాత ఎవరు ఎంత బతిమాలినా ఇంటినుంచి తెచ్చిన సీసా తీసుకోలేదు, ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారీ అన్నయ్య భార్య నరసమ్మ వదిన వచ్చింది. కంటి ఆపరేషనుకి మూత్ర పరీక్ష రాశారట. కొంగుచాటునుంచి సీసా తీసి బల్లమీద పెట్టింది. నాలుగేళ్లు నా చేతికొచ్చిన పాత దగ్గుమందు సీసానే.

"నిల్లే వస్తాది," అంది. "ఎప్పుడూ అదే కదా వచ్చినాది. ఈసారి నా పేరే రాయి వదినా."