పాలపిట్ట గుండె మీది గీతలు

మొన్న మనవరాలు ఫోన్‌లో ఒక లకుముకిపిట్ట ఫోటో పంపి, తాతా, ఇందులో క్లారిటీ చూడకు, ఇట్లా పంపితే ఫోటో పాడవుతుంది, అసలు ఫైలు మెయిల్‌లో పెడతాను అని వెనకాలే మెసేజ్ పెట్టింది. హన్మకొండలో ఏళ్ల తరబడి పెళ్లి ఫోటోలు తీసినవాడికి ఆ పిల్ల పాఠం చెబుతుంటే నవ్వొచ్చింది. నవ్వు ఆగాక నేను పాడుచేసిన ఒక పాత ఫోటో గుర్తొచ్చింది.

ఫిల్ము రీళ్లు పోయి డిజిటల్ కెమెరాలు కొత్తగా వచ్చిన రోజులవి, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నన్ను పెంచిన పెద్దమ్మ ప్రతి దసరాకూ వర్ధన్నపేట రోడ్డు పక్క చేలల్లోకి తీసుకుపోయి, పండగనాడు చూస్తే శుభమని, పాలపిట్ట కనబడేదాకా ఇంటికి రానిచ్చేది కాదు. కనబడగానే చెప్పులు విడిచి దండం పెట్టేది. ఆ ఏడు తుంటి విరిగి మంచాన పడింది. పండగ ముందురోజు నా చెయ్యి పట్టుకుని, నేను పోలేను కదా, నువ్వే నీ కెమెరాలో పట్టుకురా అంది. ఎన్నడూ ఏదీ అడగని మనిషి.

తెల్లవారేసరికి పత్తిచేను గట్టు మీద ఉన్నాను. పలచటి మంచులో చెట్లూ చేలూ ఇంకా కలగంటున్నట్టే ఉన్నాయి, నేనూ ఆ కలలోనే నిలబడ్డట్టున్నాను. పిట్ట వచ్చి కరెంటు తీగ మీద వాలింది. ఊపిరి బిగబట్టి నొక్కాను. కెమెరా వెనక చిన్న తెర మీద పెద్దది చేసి చూస్తే, గుండె మీది సన్నని తెల్లగీతలు ఒక్కొక్కటీ విడిగా కనిపించాయి. అంత సంతోషం నా పెళ్లినాడు కూడా కలగలేదు, మా ఆవిడ ఏమనుకున్నా సరే.

నా ఫోటో షాపులో కంప్యూటర్ ముందు కూర్చున్నాక చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పెళ్లికూతుళ్లకు చేసినట్టే పిట్ట ఒళ్లంతా నునుపు చేశాను, కంటికి మెరుపు పెట్టాను, అంచులకు షార్ప్‌నెస్ ఎక్కించాను, సీడీలో ఎక్కువ పట్టాలని అన్నిటినీ కుదించే అలవాటుకొద్దీ దాన్నీ కుదించి సేవ్ చేశాను, కంప్యూటర్‌లో మిగిలింది అదొక్కటే. సాయంత్రం ఒక బట్టల దుకాణం ఓపెనింగ్‌కు పోవాలి, కెమెరాకు ఉన్నది ఒక్కటే మెమరీ కార్డు, అందులోని అసలు ఫోటోను తుడిచేశాను. ఆ తర్వాతే పెద్ద ప్రింటు తీశాను.

పెద్దమ్మ దాన్ని వెలుతురుకు పట్టుకుని చూసింది. రెక్కల నీలం ఉంది. గుండె మాత్రం సున్నం కొట్టిన గోడలా ఉంది, కుదించడంతో ఆకాశం గళ్లుగళ్లుగా విడిపోయింది.

"పిట్టకు సుత పౌడర్ కొట్టినవా బిడ్డా? దీని రొమ్ము మీద గీతలుండాలె గద!"

సిగ్గుతో చచ్చిపోయాను. నా ముఖం చూసి జాలిపడిందేమో, "ఫికర్ జెయ్యకు, వచ్చే దసరాకు నేనే నడిచొస్త తియ్" అని ఆ కాగితానికే దండం పెట్టింది. మళ్లీ దసరా వచ్చేసరికి ఆమె లేదు.

ఇప్పుడు కార్డులు తుడిచే అవసరమే లేదు. షాపు శాశ్వతంగా మూసేశాక రోజూ పొద్దున్నే చేలవెంట తిరిగి తీసినవన్నీ తీసినట్టే దాచుకుంటున్నాను, ఒక్క ఈకనూ ముట్టుకోను. ఇంట్లోవాళ్లు వేలితో పక్కకు జరుపుతూ బాగున్నాయి అంటారు, అంతే. ప్రతి గీతా ఉన్న పాలపిట్టలు నా దగ్గర వందలున్నాయి, గీతలున్నాయో లేవో చూసే పెద్దమ్మే లేదు.