పానీ

బహదూర్‌పురా బస్సులో మా రెండున్నరేళ్లోడు "పానీ" అన్నాడు. సీసా అందించి, పక్కసీటు ఆవిడతో మాటల్లో పడ్డాను. పిల్లలకు మాటలెలా వస్తాయో కాలేజీలో పాఠం చెబుతారట. నా ఫికరంతా ఆవిడ ముందు పెట్టాను.

"మావోడికి ఇంక మాటలు రాలేదు మేడమ్."

"ఇప్పుడే నీళ్లడిగిండు కదమ్మా?"

"గది ఉర్దూ కదా! నేను డ్యూటీకి పోతే పక్కింటి ఖాలా దగ్గరుంటడు. ఆడ పట్టిండు."

"ఉర్దూ అయితే మాట కాదా?" అని వాడి బుగ్గ నిమిరి, తర్వాతి స్టాపులో దిగిపోయారు.

ఇంటికి రాగానే ఖాలా తలుపు కొట్టాను. వాడు మీ దగ్గర ఏమైనా మాట్లాడతాడా అని అడిగాను.

ఖాలా నన్ను వింతగా చూసింది. "నోరు మూస్తే గదా!"